జవాబు వినని అనౌన్సరు

అప్పటికి గొడవ మూడో ఇడ్లీ దాకా వచ్చింది. చట్నీలో ఉప్పు తక్కువైన సంగతి స్టెల్లాకూ తెలుసు. మామగారు ఆ ముక్క చెప్పిన తీరుకే ఆమెకు ఒళ్లు మండింది.

"సమయం ఏడు గంటల నలభై నిమిషాలు. ఈనాటి చట్నీలో లవణం స్వల్పంగా లోపించినట్టు తెలియవస్తోంది" అన్నాడు ఏబేలు.

"ఉప్పు తక్కువైందమ్మా అంటే సరిపోదా మామా? ఇంట్లో ఉండేది నలుగురం. మాక్కూడా వార్తలు చదివినట్టే చెప్పాల్నా?"

తన తప్పేమిటో నిజంగానే అర్థంకాక ఆయన కొడుకు వైపు చూశాడు. జాన్సన్ పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రోజంతా రాయి కోసే మిషన్ల మధ్య బతికేవాడు కాబట్టి భార్యకూ తండ్రికీ మధ్య మాట వచ్చినప్పుడల్లా చెవులు సరిగా వినిపించని మనిషైపోయేవాడు. మనవరాలు కేథరిన్ మాత్రం కాలేజీ బ్యాగు పక్కన పెట్టి మరీ వింటోంది.

ఏబేలు ముప్పై ఒక్క ఏళ్లు రేడియో అనౌన్సరు. త్రిపురాంతకం మొదలు గిద్దలూరు దాకా టీ దుకాణాల ముందు జనం నిలబడి విన్న గొంతు ఆయనది. తనకు వారానికి గోనెసంచెడు ఉత్తరాలు వచ్చేవని రిటైరైన కొత్తలో చెప్పేవాడు. ఏడాదికేడాదికీ ఆ సంచి పెరుగుతూ వచ్చి, ఇప్పుడు రెండు సంచులూ ఒక అట్టపెట్టె అయింది.

భార్య పోయాక మార్కాపురంలో కొడుకు దగ్గరికి చేరాడు. మైకు పోయింది గానీ అలవాటు పోలేదు. పాస్టరుగారు జాలిపడి ఆదివారం గుడిలో ప్రకటనలు చదివే పని అప్పగించారు. స్త్రీల కూడిక వాయిదా పడిందని ఆయన చదివితే దేశంలో ఎవరో పెద్దాయన పోయినట్టు ఉండేది.

యేసుమణి పరిచయమైంది అక్కడే. పల్లెల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. చెల్లెలిని చదివించే బాధ్యత మీద పడి పెళ్లి మాటే పక్కన పెట్టేసి అరవైకి వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన కాగానే నేరుగా ఆయన ఎదుటికి వచ్చింది.

"కంటి పరీక్షల క్యాంపు గురించి ఎంతో అందంగా చదివినారు సారూ. ఏ రోజో మాత్రం ఒక్కరికీ గుర్తులేదు. ముసలోళ్లంతా నన్నొచ్చి అడుగుతాండారు."

ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన్ని ఎవరూ అట్లా అనలేదు. నచ్చినవాళ్లు ఉత్తరం రాసేవాళ్లు, నచ్చనివాళ్లు రేడియో కట్టేసేవాళ్లు. ఎదురుగా నిలబడి తప్పు చెప్పే శ్రోతను ఆయన చూడటం అదే మొదటిసారి. ఆ రాత్రికి కోపం వచ్చింది. మరుసటి ఆదివారానికి ఆమె ఎక్కడ కూర్చుందో వెతుక్కుని చదివాడు.

తర్వాత సంగతులు సంఘం మొత్తానికి తెలుసు, వాళ్లిద్దరికీ తప్ప. ప్రతివారం ఆరాధన అయ్యాక ఆయన "ఈరోజెట్లుంది నర్సమ్మగారూ?" అని అడగడం, ఆమె రెండు తప్పులు చెప్పడం, మూడోది చెప్పడానికి ఇంటికి పిలిచి అల్లం టీ ఇవ్వడం. ఒక ఆదివారం వాన పట్టుకుంటే ఇద్దరూ గుడి వరండాలో నిలబడిపోయారు. ఆ వాన సాయంత్రం దాకా కురవాలని ఆయన మనసులోనే ప్రార్థన చేశాడు. మార్కాపురం వాన ఎవరి ప్రార్థనలూ వినదు. పది నిమిషాల్లో వెలిసిపోయింది.

అడగాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. సంఘంలో అందరూ ఒకరికొకరు బ్రదరూ సిస్టరే. ఆ పిలుపు దాటుకుని పెళ్లి దాకా నడిచే దారి ఆయనకు తోచలేదు. అందుకని తనకు తెలిసిన దారే పట్టాడు. కాగితం మీద రాసుకున్నాడు. ఎక్కడ ఆగాలో ఎర్రసిరాతో గీతలు పెట్టుకున్నాడు. వాచీ చూసుకుని ఒకటిన్నర నిమిషానికి కుదించాడు.

వెళ్లి చదివాడు కూడా. "జీవన సంధ్యాసమయంలో" అని మొదలుపెట్టినప్పుడు టీ వడకడుతున్న యేసుమణి చేతిలో గిన్నె ఆగిపోయింది. ఒక్క తప్పు లేకుండా చివరిదాకా వచ్చి, "ఇంతటితో ఈ ప్రకటన సమాప్తం, నమస్కారం" అని ముగించాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని, ఇంటికి వచ్చేశాడు.

మధ్యలో వచ్చిన ఆదివారం యేసుమణి గుడికి రాలేదు. ఇదంతా జరిగిన తొమ్మిదో రోజే చట్నీ గొడవ. ఇడ్లీలు ముగించి ఆయన గేటు దగ్గరికి వెళ్లి వీధి చివరిదాకా చూస్తుంటే కేథరిన్ వెనకే వచ్చింది. ఎవరికోసమని అడిగింది. పోస్టుమ్యాను కోసమన్నాడు. ఈ కాలంలో నీకు ఉత్తరం రాసేదెవరని గుచ్చి గుచ్చి అడిగితే, గొంతు తగ్గించి ఉన్నదంతా చెప్పాడు.

"అయితే నర్సమ్మ ఏమనింది తాతా?"

"జవాబు ఇంకా రాలేదు."

"అడిగినప్పుడు ఆమె యాడుంది?"

"ఎదురుగానే ఉంది."

కేథరిన్ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆయనకు అప్పటికీ తప్పు తెలియలేదు. స్టూడియోలో మాట పూర్తవగానే ఎర్రదీపం ఆరిపోయేది, ఆయన లేచి వెళ్లిపోయేవాడు. జవాబు వారానికో పది రోజులకో కార్డు మీద వచ్చేది. లోకమంతా అట్లాగే నడుస్తుందని ఆయన నమ్మకం.

"తాతా, ఆమె సోమవారం గిద్దలూరు పోతాంది. చెల్లెలి దగ్గరే ఉండిపోతాదంట. ఇల్లు కూడా ఖాళీ చేస్తాంది."

ఏబేలు చొక్కా కూడా మార్చుకోలేదు. అట్లాగే బయలుదేరాడు.

వెళ్లేసరికి వరండాలో ఒక ఇనుప పెట్టె, రెండు సంచులు కట్టి ఉన్నాయి. యేసుమణి చాప మీద కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. ఆయన నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది.

"ఈరోజు మీరు మాట్లాడొద్దు సారూ. ఊరికే కూర్చోండి."

కూర్చున్నాడు. ఆమె మాట్లాడుతుందనుకుంటే ఆమె కూడా మాట్లాడలేదు. చిక్కుళ్లు తుంచుతూనే ఉంది. రేడియోలో పది సెకన్లు నిశ్శబ్దం వస్తే మెమో ఇచ్చేవాళ్లు. పది సెకన్లు గడిచాయి. నిమిషం గడిచింది. ఆయన నుదుట చెమట పట్టింది. గోడ మీద బల్లి పలికితే, ఈ ఇంట్లో దానికైనా మాట్లాడే స్వేచ్ఛ ఉందనిపించింది.

చివరికి ఆమె మొదలుపెట్టింది. యర్రగొండపాలెం అవతల అడవి పల్లెల్లో పనిచేసినన్నాళ్లూ తన దగ్గర చిన్న రేడియో ఉండేదని, పొద్దున్నే ఆయన గొంతు వినేదాన్నని చెప్పింది. ఏబేలు ముఖం వెలిగింది.

"పాటల కోసం కాదు సారూ. టైం కోసం. మా సెంటర్లో గడియారం చెడిపోయి నాలుగేళ్లు. మీరు టైం చెప్పంగానే రేడియో కట్టేసి సూదులేసే పనికి పోయేదాన్ని."

ఉత్తరాల సంచులు రెండూ, ఆ అట్టపెట్టె కూడా ఆయన కళ్లముందే ఖాళీ అయిపోయాయి.

ఇరవై ఆరేళ్లప్పుడు ఒక సంబంధం వస్తే చెల్లెలి చదువు కోసం తానే వద్దన్నానని, ఆ తర్వాత ఎవరూ అడగలేదని ఆమె చెప్పింది. చెబుతూ చిక్కుళ్ల పళ్లెం పక్కకు జరిపింది.

"అరవై ఏండ్లకు ఒక మనిషి అడిగినాడు. నేను నోరు తెరిచే లోపలే చెప్పులేసుకోని పోయినాడు. ఈయనకు జవాబుతో పని లేదేమో, చదివేస్తే చాలేమో అనుకున్నా."

ఏబేలుకు ఎర్రసిరా గీతలేవీ గుర్తుకు రాలేదు.

"ఆరోజు నేను ఆగి ఉంటే మీరేమనేవాళ్లు?" అన్నాడు, మామూలు మనిషి గొంతుతో.

"టీ తాగి పొమ్మనేదాన్ని. అది తాగే లోపల సరే అనేదాన్నేమో."

"ఇప్పుడు?"

ఆయన ఉద్యోగ జీవితం మొత్తంలో అంత చిన్న వాక్యం పలికి ఉండడు. యేసుమణి ముఖం పక్కకు తిప్పుకుంది గానీ నవ్వు దాగలేదు. టీ పెట్టడానికి లేస్తూ రెండు షరతులు చెప్పింది. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమని అడుగుతారు గదా, ఆ చదివేది ఆయన కాకూడదు. అంతకంటే ముందు ఇంట్లో వాళ్లకు తన నోటితో తానే చెప్పాలి, కాగితం లేకుండా.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాల దగ్గర స్టెల్లా చికెన్ వడ్డించి తానూ కూర్చుంది. జాన్సన్ మొదటి ముద్ద కలుపుతున్నాడు. కేథరిన్ తాత వైపే చూస్తోంది.

"మీ ముగ్గురికీ ఒక మాట చెప్పాల. యేసుమణీ నేనూ పెండ్లి చేసుకుంటాండాం. పొద్దున పాస్టరుగారికి మా పేర్లు ఇచ్చినాం. ఆమె ఇంక గిద్దలూరు పోదు, పెండ్లి అయినాక నేను ఆమె ఇంట్లోనే ఉంటా."

పక్కింటికి కాదు కదా, పక్క గదికి కూడా వినపడనంత మెల్లగా చెప్పాడు. చెప్పి, తినడం మానేసి, ముగ్గురూ ఏమంటారో వినడానికి కూర్చున్నాడు.