ఎల్రాయ్ మిషన్ ఉన్న మూల

మేం ఇనుప పనులు చేసే షాపులో వెనక మూల ఒకటుంది. పొద్దుగూకాక అటు ఎవరూ వెళ్ళరు. టైము కార్డు కొట్టే గడియారానికి దగ్గర దారి ఆ మూల మీదుగానే. అయినా సరే, సుపీరియర్ సరస్సు మీంచి ముక్కు ఊడగొట్టే గాలి వీస్తున్నా, మంచులో పడి షాపు చుట్టూ తిరిగి వెళతారు.

నేనూ అంతే.

అక్కడ ఎల్రాయ్ మిషన్ ఉంది. ఇనుమును చెక్కే పెద్ద మిల్లింగ్ మిషన్. ఎల్రాయ్ ముసలాడు బతుకంతా దాని పక్క స్టూలు మీదే గడిపాడు. పోయింది మాత్రం ఇంట్లో, నిద్రలో, హాయిగా. కానీ కిందటి చలికాలం నుంచి... మిషన్ ఆపేసి ఉన్నా, ఇనుము ముక్కని బిగించే దాని బల్ల కదులుతోంది. రాత్రి దాన్ని సరిగ్గా నడిమిన వదిలితే తెల్లారేసరికి ఒకనాడు ఈ చివర, ఒకనాడు ఆ చివర — ఎవరినో వెతుక్కుంటున్నట్టు.

మిగతాది రంపం దగ్గర పనిచేసే మెర్ల్ నాకు చెప్పాడు. విన్నది విన్నట్టు చెబుతున్నా.

మా వెల్డర్ టోబీకి కెండ్రా అంటే ప్రాణం. ఆ మిషన్‌కి బల్లని నడిపే కొత్త సర్వో మోటార్లు బిగించింది ఆ పిల్లే. నవ్వితే మంచు మీద ఎండ పడ్డట్టుంటుంది. టోబీ ప్రతి శుక్రవారం "హోటల్లో ఫిష్ ఫ్రైకి వస్తావా?" అంటాడు, ఆమె "చూద్దాం" అంటుంది.

ఆ శుక్రవారం మాత్రం వేరే మాట అంది.

"వస్తా. కానీ పిరికివాళ్ళ పక్కన నాకు చేప దిగదు. లైట్లు తీశాక ఎల్రాయ్ స్టూలు మీద కూర్చో. నేను తాళాలేసి వచ్చేదాకా లేవకూడదు. లేచావో, చేపలకి నా బదులు మెర్ల్‌ని తీసుకుపో."

"నాకు పళ్ళు లేవమ్మా, నన్ను లాగకండి" అన్నాడు మెర్ల్.

లైట్లు పోయాయి.

మిషన్ తెర నల్లగా ఉంది. మోటార్ల పెట్టెలో చిన్న పచ్చ దీపం ఒక్కటే వెలుగుతోంది. టోబీ కాఫీ ఫ్లాస్కు మిషన్ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. బయట గాలి రేకుల్ని గోకుతోంది...

సన్నగా — ఊఁ... — అని మూలుగు.

ఫ్లాస్కు ఇందాక మూరెడు దూరంలో ఉంది కదా? ఇప్పుడు జానెడే ఉంది.

"మెర్ల్... నువ్వేనా?"

బల్ల వస్తోంది. గడియారం ముల్లులా, తొందర లేకుండా... నేరుగా అతని వైపే. చల్లటి ఇనుము పొట్టకి తగిలింది.

"ఎల్రాయ్ తాతా," అన్నాడు గుసగుసగా. "ఈ స్టూలు నీదే... కానీ ఈ ఒక్క రాత్రి నాకు ఇవ్వు. లేస్తే ఆ పిల్ల నాకు దక్కదు..."

పెట్టె వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్ర మీట టక్కుమంది. బల్ల ఆగింది.

కెండ్రా!

"దెయ్యం కాదురా బాబూ, స్పీడ్ మోడ్" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఈ మోటార్లకి ఎంత బలంగా తొయ్యాలో చెప్పొచ్చు, ఎంత వేగంగా పోవాలో చెప్పొచ్చు, ఎక్కడుండాలో చెప్పొచ్చు. మిషన్‌ని నడిపే కంప్యూటర్ ఉందే, ఆ పాత బుర్రకి వేగం చెప్పడమే వచ్చు, అందుకే అదే పెట్టా. బల్ల ఎక్కడుందో ఆ బుర్రే చూసుకుంటుంది. రాత్రి బుర్రని ఆపేస్తాం. పెట్టె లోపల చెమ్మ పట్టకూడదని మోటార్లకి మాత్రం కరెంటు ఉంచేస్తాం. చూసేవాడు లేడు. సున్నా వేగం అని చెప్పినా, చలికి ఆ సున్నా కాస్త జరుగుతుంది. బల్లా జరుగుతుంది."

"మరి మార్చొచ్చుగా?"

"సోమవారం కొత్త బుర్ర వస్తోంది. పొజిషన్ మోడ్ పెడతా. ఉండమన్న చోటే ఉంటుంది. పద, చేపలు చల్లారతాయి."

హోటల్లో సగం ప్లేటు అయ్యాక టోబీకి ఏదో తట్టింది.

"చలికి అటోసారి ఇటోసారి పోతుందన్నావు. ఇవాళ తిన్నగా నా పొట్ట మీదికే ఎందుకొచ్చింది?"

కెండ్రా నిమ్మకాయ ముక్క నెమ్మదిగా పిండింది.

"సున్నాని సర్దడానికి పెట్టెలో ఓ బుల్లి మర ఉంటుంది. నువ్వు కూర్చోకముందు దాన్ని నీ వైపుకి ఓ పిసరు తిప్పా."

"ఓసి దుర్మార్గురాలా! నేను లేచి పారిపోయుంటే?"

"అందుకేగా పెట్టె వెనకే నిలబడ్డా," అంది ఆమె, అతని ప్లేటులోంచి చేప ముక్క తీసుకుంటూ. "నువ్వు లేవబోతే మరని వెనక్కి తిప్పేద్దామని."