రేపల్లెలో ఆగిన పాట

కుర్చీ మీద వేసిన తువ్వాలు తీసి పక్కన పెట్టి, ఆ అమ్మాయి దర్జాగా కూర్చుంది.

"ఏమండీ, అది మా నాన్న సీటండి," అన్నాడు కిరీటి.

"ఏరండి మీ నాన్నగారు?"

"బజ్జీలకి వెళ్ళారు."

"వచ్చాక లేస్తాలెండి."

"తువ్వాలు వేశామంటే మనిషి ఉన్నట్టేనండి. బస్సులో మీరెప్పుడూ సీటు ఆపుకోలేదా?"

"చాలాసార్లు ఆపుకున్నా. నా చున్నీ పక్కకి నెట్టి మీలాంటోళ్ళే కూర్చున్నారు. ఇవాళ్టికి చెల్లు."

కిరీటికి కోపం రావాలి. నవ్వొచ్చింది.

తెనాలిలో ఆ సాయంత్రం కాలేజీ గ్రౌండులో కుర్చీ దొరకడం అంటే మాటలు కాదు. ఉప్పుగాలి బ్యాండ్ ఇరవై నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ కలిసింది. తెనాలి, బాపట్ల, రేపల్లె. వరసగా మూడు సాయంత్రాలు. సాక్సాఫోను జాన్ బాబు పెద్ద. కీబోర్డు, గిటారు, డ్రమ్ములు మిగతా ముగ్గురూ.

వాళ్ళు వాయించేదాన్ని జాజ్ ఫ్యూజన్ అంటారు. మోహన రాగం ఎత్తుకుంటారు. అది ఎక్కడెక్కడో తిరిగి, సముద్రాలు దాటి, మళ్ళీ తిన్నగా మన డెల్టా చేలల్లోకే వచ్చి వాలుతుంది. మాటలుండవు. అయినా ఒకప్పుడు ఈ చుట్టుపక్కల వాళ్ళ క్యాసెట్ మోగని టీ కొట్టు లేదు. ఇప్పుడు ఆ క్యాసెట్లే ఎవరో ఫోన్లలోకి ఎక్కించారు. అందుకే గ్రౌండులో సగం బట్టతలలు, సగం ఇయర్‌ఫోన్లు.

పున్నారావు బజ్జీల పొట్లంతో వచ్చాడు. పిట్టలవానిపాలెం రైతు. అమ్మాయి లేవబోయింది.

"కూర్చో అమ్మా, కూర్చో. మావాడు నిలబడతాడు. కుర్రాడేగా," అని కొడుకు కుర్చీలో తను కూర్చుని, ఆమె ముందు పొట్లం పెట్టాడు.

"థాంక్సండి. నా పేరు భవ్య. మాది రేపల్లె పక్కన నిజాంపట్నం."

"చిన్నపిల్లవి, నీకీ పిచ్చేంటమ్మా?"

"ఇంట్లో అలవాటండి."

"మావాడికీ అంతే. ఉయ్యాల్లో వేసి ఇదే వినిపించా."

కిరీటి వెనక నిలబడి రెండు కుర్చీల మధ్యలోకి తల పెట్టాడు. "ఈ బ్యాండ్ ఎందుకు విడిపోయిందో తెలుసాండి మీకు?"

భవ్య చేతిలో బజ్జీ ఆగింది. "చెప్పండి."

చెప్పాడు. చిన్నప్పటి నుంచి తండ్రి నోట విన్న కథే. రేపల్లెలో కచేరీ. మద్రాసు నుంచి రికార్డింగు వాళ్ళు మిషన్లు వేసుకుని వచ్చారు. 'పోటు' అని కొత్త ట్యూను. సముద్రం పొంగినట్టు మెల్లగా మొదలై మీదికి లేవాలి. సరిగ్గా సగంలో డ్రమ్ముల చిన్నయ్య పుల్లలు కింద పడేసి స్టేజీ దిగి వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు. రికార్డింగు పోయింది. బ్యాండూ పోయింది.

"నేనక్కడే ఉన్నా," అన్నాడు పున్నారావు. "మా ఊరి నుంచి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నా. ఎంత పొగరమ్మా ఆ మనిషికి! అందరి నోట్లో మన్ను కొట్టాడు."

"చేతులు బంగారం," అన్నాడు కిరీటి. "మనిషే మంచోడు కాదు."

"అంతేనాండి," అంది భవ్య. తినకుండానే బజ్జీ పొట్లంలో పెట్టేసింది.

కచేరీ మొదలైంది. గ్రౌండంతా ఊగింది. కిరీటి మాత్రం స్టేజీని సగమే చూశాడు. డ్రమ్ములు జోరందుకున్నప్పుడల్లా భవ్య ఊపిరి బిగబట్టేది. అయిపోగానే వదిలేది. వాయించేది తనే అన్నట్టు.

గేటు దగ్గర పరిగెత్తి పట్టుకున్నాడు. "రేపు బాపట్ల వస్తారా?"

"వస్తాను. ఆ మంచోడు కాని మనిషిని చూడాలిగా."

జోకనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

బాపట్లలో వాన. కచేరీ కల్యాణ మండపంలోకి మార్చారు. కిరీటి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వాన ఆ ఇస్త్రీని గేటు దగ్గరే తీసేసింది.

వరండాలో భవ్య టీ తాగుతోంది. "గొడుగు లేదాండి?"

"నాన్న దగ్గరుంది."

"నాన్నగారెక్కడ?"

"లోపల. తువ్వాలు తడిసిపోయింది. అందుకని సీటు మీద గొడుగు పెట్టాడండి."

భవ్యకి టీ పొలమారింది. దగ్గుతూ నవ్వింది, నవ్వుతూ దగ్గింది. వాన చప్పుడు ఆ నవ్వు ముందు చిన్నబోయింది. కిరీటి ఇంకో రెండు టీలు చెప్పాడు.

అతనిది పొన్నూరులో బైకుల షోరూంలో ఉద్యోగం. ఆమెది రొయ్యల ల్యాబ్‌లో.

"రొయ్యల్ని చూసి ఏ జబ్బుందో చెబుతానండి."

"మనుషులకి చెప్పరా?"

"మనుషులకి ల్యాబ్ అక్కర్లేదు. మీది నోటి జబ్బు."

"నేనేమన్నానండి ఇప్పుడు?"

"ఇప్పుడేం అనలేదు." టీ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

కచేరీ మంచి ఊపు మీద ఉంది. మిగతా ముగ్గురూ ఆగారు. చిన్నయ్య ఒక్కడే వాయిస్తున్నాడు. అప్పుడు పున్నారావు కుర్చీలోంచి లేచాడు.

"చిన్నయ్యా! రేపు రేపల్లెలో కూడా మధ్యలో లేచిపోతావా ఏంటి?"

హాలు గొల్లుమంది. వెనక నుంచి ఈలలు పడ్డాయి. చిన్నయ్య ఆగలేదు. తలొంచుకుని వాయించి, ముగించి, దణ్ణం పెట్టకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

కిరీటికి సిగ్గేసింది. భవ్య కోసం చూశాడు. కుర్చీలో లేదు. వెతుక్కుంటూ స్టేజీ వెనక్కి వెళ్ళాడు. ఆమె చున్నీతో చిన్నయ్య మొహం తుడుస్తోంది.

"నాన్నా, పట్టించుకోకు."

"రేపు నేను రానమ్మా. ఇంకెవర్నన్నా చూసుకోమని జాన్ బాబుకి చెప్పు."

కిరీటి అక్కడే నిలబడిపోయాడు. భవ్య చూసింది. విసురుగా వరండాలోకి వచ్చింది. అతను వెనకే వచ్చాడు.

"ముందే చెప్పొచ్చు కదండి!"

"ఏమని? మీ బజ్జీ చేత్తో పట్టుకుని, మా నాన్నే మీరు తిట్టేదీ అని చెప్పాలా?"

వాన పడుతూనే ఉంది. ఆమె దాని వైపు తిరిగింది.

"ఆ సాయంత్రం మా అమ్మకి నొప్పులొచ్చాయండి. నెల ముందే. పాట మధ్యలో ఆస్పత్రి నుంచి మనిషి స్టేజీ వెనక్కి వచ్చాడు. రక్తం ఎక్కించాలి, ఆలస్యమైతే దక్కదన్నారు. నాన్న ఉన్నపళాన పరిగెత్తాడు. అప్పుడు పుట్టింది నేనే. మర్నాడు జాన్ బాబుగారు నానా మాటలూ అన్నారు. నాన్న ఒక్కటీ తిరిగి చెప్పలేదు. జాన్ బాబుగారికి తర్వాతెప్పుడో తెలిసింది. పోయినేడు మా ఇంటికొచ్చి నాన్న చేతులు పట్టుకున్నారు. అలా కలిశారు మళ్ళీ."

"మరి జనానికి ఎందుకు చెప్పలేదండి?"

"మొండి. అడిగితే రేవులో పడవెక్కి వల బాగుచేసుకుంటూ కూర్చుంటాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు."

"నాకు చెప్పారుగా."

"ఎందుకు చెప్పానో నాకే తెలియట్లేదు," అంది. చెంపలు ఎర్రబడ్డాయి. "రేపు నాన్న రాకపోతే మళ్ళీ అదే మాటంటారు. మళ్ళీ లేచిపోయాడంటారు. ఇంక ఈ జన్మలో ఆయన పుల్లలు పట్టడు."

తెల్లారగానే కిరీటి బైకు తీశాడు. చెరుకుపల్లి మీదుగా నిజాంపట్నం రేవుకి వెళ్ళాడు. చిన్నయ్య పడవ అంచున కూర్చుని వల బాగుచేస్తున్నాడు. భవ్య టిఫిన్ తెచ్చి పక్కన నిలబడి ఉంది.

"బాబాయ్," అన్నాడు కిరీటి అలవాటుగా.

"బాబాయా?" అంది భవ్య. "అయితే నేను మీకు చెల్లెల్నాండి?"

కిరీటి నాలుక్కరుచుకున్నాడు. "లేదండి! మావయ్యగారూ... మావయ్యగారూ అందామనే వచ్చానండి."

చిన్నయ్య తలెత్తి ఇద్దర్నీ చూశాడు. మళ్ళీ వల చూసుకున్నాడు. మీసం కొద్దిగా కదిలింది.

"నిన్న అరిచింది మా నాన్నండి. తెనాలిలో నేనూ అన్నాను. తప్పయిపోయింది."

"నువ్వొక్కడివే అన్నావా ఏంటి."

"జరిగింది ఒక్క ముక్క చెప్పేస్తే పోయేది కదండి?"

చిన్నయ్య ఒక ముడి వేశాడు. బిగించాడు.

"పుట్టగానే బ్యాండ్‌ని మింగిందంటారయ్యా పిల్లని," అన్నాడు. "నష్టజాతకం అంటారు. ఆడపిల్లకి ఆ పేరొస్తే పోదు. బడిలో అంటారు, పెళ్ళిలో అంటారు. నన్ను పొగరుబోతు అంటే నాకేం పోయింది? మోశాను."

భవ్య చేతిలో టిఫిన్ అలాగే ఉంది. మొండితనం అనుకుంది ఇన్నాళ్ళూ. పడవ అంచు మీద తండ్రి పక్కనే కూర్చుని భుజానికి తల ఆనించింది.

"నాన్నా, నేను పెద్దదాన్నయ్యాను. ఇంక దించెయ్యి."

"జనం నోరు నీకు తెలియదమ్మా."

"నా నోరు జనానికి తెలియదు. సాయంత్రం నువ్వు రా. నా పేరు నేను చూసుకుంటా."

చిన్నయ్య వల పక్కన పెట్టాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. "టిఫిన్ ఏంటి?" అన్నాడు. ఇడ్లీలు కిరీటికి కూడా పెట్టమన్నాడు.

రేపల్లె గ్రౌండులో ఆ సాయంత్రం ఇసుక వేస్తే రాలదు. పొన్నూరు నుంచి, చెరుకుపల్లి నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చారు. అందరి నోటా 'పోటు' మాటే. పూర్తిగా వింటామా లేదా? చిన్నయ్య వచ్చాడా లేదా? పున్నారావు మొదటి వరసలో ఉన్నాడు. కిరీటి స్టేజీ మెట్ల దగ్గర ఉన్నాడు.

జాన్ బాబు వచ్చాడు. కీబోర్డు వచ్చింది. గిటారు వచ్చింది. డ్రమ్ముల వెనక ఖాళీ.

"చెప్పానా?" అని ఎవరో అన్నారు. గుసగుస మొదలైంది.

అప్పుడు భవ్య స్టేజీ ఎక్కింది. మైకు పట్టుకుంది.

"నమస్కారమండి. నేను చిన్నయ్యగారి అమ్మాయిని. అప్పుడు మా నాన్న మధ్యలో ఎందుకు దిగిపోయాడో మీకు తెలియదు. ఆస్పత్రిలో మా అమ్మ చావుబతుకుల్లో ఉందండి. నేను పుడుతున్నాను. నాకు తొందరెక్కువ, నెల ముందే వచ్చేశాను. నన్నేమన్నా అంటారని ఆయన ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాడు. మీ పాట ఆపింది నేనండి. అనాల్సిందేమన్నా ఉంటే నన్ననండి. ఇక్కడే ఉన్నా."

గుసగుస ఆగిపోయింది.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలామె గొంతు లేచింది. "మా తల్లే! పాటదేముందమ్మా, ఇవాళ కాకపోతే రేపు వింటాం. మీ అమ్మ బాగుందా?"

"బాగుందండి. మీ వెనకే కూర్చుంది."

నవ్వులు. చప్పట్లు. ఆ చప్పట్లలోనే చిన్నయ్య వచ్చి డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుని పుల్లలు పట్టాడు.

'పోటు' మెల్లగా మొదలైంది. ముందు తడి ఇసుక మీద నీళ్ళు పాకినట్టుంది. తర్వాత సాక్సాఫోను ఒక్కో అలనీ తెచ్చి వేసింది. సగం దగ్గరికొచ్చేసరికి నలుగురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. చిన్నయ్య పెదవి బిగించాడు. దాటించాడు. అక్కణ్ణుంచి ఎవరూ ఎప్పుడూ వినని పాట. అది లేచి లేచి గ్రౌండు మీద విరిగి పడింది. ముసలాళ్ళు కుర్చీలెక్కి ఎగిరారు.

పున్నారావు ఎగరలేదు. చప్పట్లు కొట్టలేదు. తువ్వాలుతో మొహం కప్పుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి నేరుగా స్టేజీ ఎక్కాడు. కిరీటి కూడా వెనకే పరిగెత్తాడు.

"బాపట్లలో అరిచింది నేనండి," అన్నాడు పున్నారావు.

"తెలుసండి," అన్నాడు చిన్నయ్య. "ఆ రోజు నేను దిగుతుంటే 'ఎక్కడికయ్యా' అని అరిచిందీ ఈ గొంతే."

పున్నారావు తల వంచాడు. చిన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"రేపు మా ఇంటికి భోజనానికి రావాలి, బావగారూ."

"నాన్నా!" అన్నాడు కిరీటి.

"ఏంట్రా? నిన్నట్నుంచి ఇస్త్రీ చొక్కాలు. తెల్లారకుండా రేవుకి పరుగు. చేపల కోసం వెళ్ళావా? నాకు కళ్ళు లేవా?"

చిన్నయ్య నెమ్మదిగా అన్నాడు. "మేం పడవలోళ్ళమండి. మీ ఊళ్ళో నాలుగు మాటలంటారు."

"అననీండి. నేను మిమ్మల్నన్న మాటలకన్నా ఎక్కువా?"

చిన్నయ్య అతని చెయ్యి వదల్లేదు. "వస్తామండి, బావగారూ," అన్నాడు.

"ఆగండాగండి," అంది భవ్య నడుం మీద చేతులు పెట్టుకుని. "మీరూ మీరూ బావలైపోయారు, బానే ఉంది. నన్నింకా ఎవరూ ఏమీ అడగలేదు."

అందరూ కిరీటి వైపు చూశారు. అతను గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు గ్రౌండు చివరిదాకా వినిపించింది. ఎదురుగా మైకు ఆన్‌లోనే ఉంది.

"భవ్యగారూ, మీరంటే నాకు చాలా ఇష్టమండి. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఈలల్లేవు, చప్పట్లు లేవు. రేపల్లె రేపల్లె అంతా చెవులప్పగించింది. భవ్య మైకు మీదికి వంగింది.

"ఆలోచించుకుంటానండి."

గ్రౌండంతా ఉసూరుమంది. కిరీటి మొహం చూడాలి అప్పుడు. భవ్య చూసింది. నవ్వాపుకోలేకపోయింది.

"ఆలోచించుకున్నా. సరేనండి."

జాన్ బాబు సాక్సాఫోను అందుకున్నాడు. ఏం వాయించాలో ఎవరూ అనుకోలేదు. చిన్నయ్య మాత్రం కూతుర్నే చూస్తూ మొదలుపెట్టేశాడు.