గీకమన్నదెవరు

"దొంగ కార్డు గీకింది మీరే కదా మేడం? నష్టం షాపుదే" అన్నాడు సిద్ధార్థ్, ఆబిడ్స్‌లోని ఆ కళ్లద్దాల షాపులోకి వచ్చి రెండు నిమిషాలైనా కాకముందే.

ఉజ్వల తలెత్తి చూసింది. బ్యాంకు నాంపల్లి బ్రాంచి ఆఫీసరు. వానకు తడిసిన జుట్టు నుదుటికి అంటుకుంది. ముఖం కొత్తదే. గొంతు మాత్రం ఎక్కడో విన్నదే.

పోయిన నెల ఒకతను నాలుగు విదేశీ ఫ్రేములు కొన్నాడు. అతని చేతిలోది ఎవరిదో కార్డుకు నకలు; చిప్పు పెడితే పట్టుబడేది, గీకితే పట్టుబడదు. అసలు మనిషి ఫిర్యాదు చేయగానే బ్యాంకు షాపు ఖాతాలోంచి అరవై రెండు వేలు వెనక్కి లాక్కుంది. కౌంటర్లో ఉన్నది ఉజ్వలే. షాపు యజమాని అయిన ఆమె తండ్రి వామన్‌రావు తిట్టలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ.

"మీరిచ్చిన మెషిన్ చిప్పు చదవదు సార్. గీకక ఏం జేయాలె?"

"బ్యాంకుకు చెప్పాలి కదా!"

"ఫోన్ చేసి చెప్పిన. కొత్తది వచ్చేదాంక గీకి కానియ్యున్రి అన్నరు."

"ఎవరు?"

"పేరు అడగలే."

అతని పెన్ను ఆగింది. "ఏప్రిల్లనా?"

"ఔ."

అతను ఫైలు మూసి, "రేపొస్తా" అని వానలోకి నడిచాడు.

ఫోన్లో ఆ మాట అన్నది అతనేనని గొంతును బట్టి ఉజ్వలకు అర్థమైంది. సాక్ష్యం లేదు, అతను నోరు మూసుకుంటే చాలు. అతని స్థానంలో తానుంటే? రెండు రోజులైనా దాచేదాన్నని ఒప్పుకుంది ఉజ్వల. ఒప్పుకున్నాక కోపం నిలవలేదు. డబ్బు సంగతి అటుంచి, ఆ మనిషి తన కళ్లలో చిన్నవాడు కాకూడదనిపించింది.

మర్నాడు అతను వామన్‌రావు చేతిలో ఒక కాగితం పెట్టాడు. గీకమన్నది తానేనని, నష్టం బ్యాంకే భరించాలని రాసి, సంతకం చేశాడు. పై ఆఫీసరు కూడా ఒప్పుకుని పెట్టిన సంతకం దాని కింద ఉంది.

"గిట్ల రాసిస్తే నీ నౌకరీ ఉంటదా బాబూ?" అన్నాడు వామన్‌రావు.

"ఉంటది అంకుల్. ఇంక్రిమెంట్ ఒకటి పోతది."

"నాకు నిన్ననే తెలుసు, మీ గొంతేనని" అంది ఉజ్వల.

"మరి నిన్ననే దులపలేదేంది?"

"మీ అంతట మీరు చెప్తరా, లేదా అని చూసిన."

"రాత్రంతా నిద్ర లేదండీ. నష్టం గురించి మాత్రమే కాదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "పని లేకున్నా రావచ్చా?"

వామన్‌రావు అద్దాలు తుడుస్తూ, "శనివారం రా బాబూ. కళ్లు చూపించుకో, చాయ్ తాగి పో" అన్నాడు.

"శనివారం దాంక ఎందుకు నాన్నా?" ఉజ్వల కళ్లు పరీక్షించే కుర్చీ ముందుకు లాగింది. "కూసోన్రి సార్. ఫీజు లేదు. ఇంక్రిమెంట్ పోయిన మనిషి కదా!"