ఎవరూ కూర్చోని కుర్చీ

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ. ఆ ఫోను కాస్త బోర్లించు. ఇది చెవిలో చెప్పే కథ, అరిచి చెప్పేది కాదు.

ఒక గూఢచారి ఉండేవాడు. ఆఫీసులో అతని కోడ్ నేమ్ కాకి. కాకిని ఎవరూ రెండోసారి తల తిప్పి చూడరు కదా, అతన్నీ అంతే. ఎన్ని సరిహద్దులు దాటాడో, ఎన్ని పేర్లు మార్చాడో కట్టుకున్న పెళ్ళానికే తెలియదు. ఇప్పుడు మోకాళ్ళు అరిగాయి. మెట్లు చూస్తేనే నీరసం. అలాంటివాణ్ణి ఒక ఉదయం చీఫ్ పిలిపించాడు.

చీఫ్ వయసులో చిన్నవాడు. పని నేర్చుకున్నది కాకి దగ్గరే. అందుకే తలుపు వేసి ఉంటే బాబాయ్ అనేవాడు.

"కూర్చో బాబాయ్. ఇదే ఆఖరి మిషన్."

"పోయినసారీ అదే అన్నావు."

"ఈసారి నిజం. మాస్టారూ డాక్టరమ్మా ఇవాళ కలుస్తున్నారు."

కాకి కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళ గొడవ తెలియనిదెవరికి? ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే పార్టీ. అధ్యక్ష పదవి దగ్గర తగువొచ్చి అది రెండు ముక్కలైంది. ఎన్నికల్లో ఒకరి ఓట్లు ఒకరు చీల్చుకున్నారు. ఇద్దరి ఓట్లూ కలిపితే గెలిచినవాళ్ళ కంటే ఎక్కువే. విడివిడిగా ఇద్దరూ మట్టి కరిచారు.

"కలవనీ. మంచిదేగా."

"వీళ్ళు ఒక్కటైతే మన ఓడరేవుని విదేశీ ముఠా చేతికి పోనివ్వరు. అందుకే ముఠా ఈ మీటింగుని టార్గెట్ చేసింది. ఏం చేస్తారో తెలీదు. హాల్లో మన కాంటాక్ట్ ఉంటుంది. కోడ్, 'దాహంగా ఉంది'. నీ జవాబు, 'కూజా నిన్నటిది'."

"కాంటాక్ట్ మన మనిషేనా?"

"మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. డబుల్ ఏజెంట్."

"బాగుంది. నా మోకాళ్ళే నయం, రెండూ ఒకవైపే ఉన్నాయి."

ఆ గొడవ కాకి ఇంట్లోనూ ఉంది తల్లీ. కూతురు డాక్టరమ్మ పక్షం, అల్లుడు మాస్టారి పక్షం. ఫలితాలొచ్చిన నాటినుంచి ఇద్దరూ ఒక బల్ల దగ్గర తినలేదు. "నీ వల్లే ఓడాం" అని ఒకరు, "కాదు, నీ వల్లే" అని ఇంకొకరు. వేరువేరుగా వడ్డించలేక విసిగిపోయిన కాకి భార్య ఆ పొద్దున కూడా ఎత్తిపొడిచింది. "దేశాల గుట్టు లాగుతావు. ఇంట్లో ఇద్దరి ముడుచుకున్న మూతులు విప్పలేవా?"

కాకి చెప్పులేసుకుని బయటపడ్డాడు.

మీటింగు పాత టౌన్ హాల్లో. సున్నం పెచ్చులూడిన గోడలు, కిర్రుమనే ఫ్యాన్లు. స్టేజీ మధ్యలో ఎర్ర దిండు వేసిన ఎత్తైన అధ్యక్షుడి కుర్చీ. కాకి వేషం మైకు సెట్టాయన. భుజాన వైర్ల చుట్ట, జేబులో స్క్రూడ్రైవరు. చెవిలో చెవిటి మిషన్ లాంటిది పెట్టుకున్నాడు. అది నిజానికి రిసీవర్. అందులోనే చీఫ్ మాట్లాడతాడు.

"హలో... హలో... మైక్ టెస్టింగ్."

వచ్చినవాళ్ళందరి మొహాల్లోనూ ఓటమి ఇంకా ఆరలేదు. అయినా పౌరుషం తగ్గలేదు. మీటింగు మొదలవ్వాలంటే అధ్యక్షుడి కుర్చీలో ఒకరు కూర్చోవాలి. ఎవరు?

"మా మాస్టారు సీనియర్!"

"మా డాక్టరమ్మకి ఓట్లెక్కువొచ్చాయి!"

"ఓడినవాళ్ళలో ఫస్టొచ్చారా? శుభం!"

మాస్టారు స్టేజీకి ఒక చివర, డాక్టరమ్మ ఇంకో చివర నిలబడ్డారు. మెడలో దండలు వాడిపోయాయి. కుర్చీ మాత్రం ఖాళీ. ఇలాంటి తగువులు విని విని కాకి ప్రాణం విసిగింది. ఎవరో ఒకరు కూర్చుంటే ఇంటికి పోవచ్చు గదా అనుకున్నాడు.

అంతలో ఘుమ్మని సెంటు వాసన. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి పెదవులు, చేతిలో టీవీ మైకు. రోజూ అందరిళ్ళలో వార్తలు చదివే అమ్మాయే. హాలంతా అటు తిరిగింది. ఆమె నేరుగా కాకి దగ్గరికొచ్చి వైరు సరిచూస్తున్నట్టు వంగింది.

"దాహంగా ఉంది."

కాకి ఉలిక్కిపడ్డాడు. "కూజా నిన్నటిది. నువ్వా తల్లీ?"

"నేనే. తల తిప్పకండి. బాంబు ఆ కుర్చీ దిండులో ఉంది. ఎదుటి మేడ మీద ముఠా మనిషి, బైనాక్యులర్స్, రిమోట్. ఎవరైనా కూర్చోగానే నొక్కుతాడు. ఒకరు చస్తే నేరం రెండోవాళ్ళ మీద పడుతుంది. ఇక జన్మలో కలవరు."

"హాలు ఖాళీ చేయిస్తే?"

"జనం పరిగెడితే వెంటనే నొక్కేస్తాడు. మీటింగు మొదలవగానే ఎవరో ఒకరు కూర్చుంటారని వాళ్ళ ప్లాన్. మనవాళ్ళు కుర్చీ దగ్గరే ఇంతసేపు కొట్లాడుకుంటారని వాళ్ళకి తెలీదు."

"నువ్వెందుకు చెబుతున్నావు ఇదంతా?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళ కింద నల్లటి చారలు. "ఫలితాల వార్తలు చదివింది నేనే. మా అమ్మ ఓటు కూడా వృథా అయిందని నవ్వుతూ చదివాను. అలసిపోయాను బాబాయ్ గారూ."

కాకి కాలర్లో దాచిన మైకులో గొణిగాడు. "చీఫ్, ఎదుటి మేడ టాప్ ఫ్లోర్. రిమోట్. త్వరగా."

"లిఫ్ట్ పాడైంది బాబాయ్, మెట్లెక్కుతున్నాం. అప్పటిదాకా ఎవర్నీ కూర్చోనివ్వకు!"

చూశావా తల్లీ, ఎంత చిత్రమో! ఈ తగువు ఎప్పుడు తీరుతుందా అని ఏడ్చినవాడే, ఇప్పుడు ఇది తీరకుండా ఉంటే చాలునని మొక్కుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే మాస్టారు మెత్తబడ్డాడు. నిలబడలేక కాబోలు. కళ్ళజోడు తుడుచుకుని అన్నాడు, "ఎందుకమ్మా ఈ గోల. నువ్వే కూర్చో."

డాక్టరమ్మ రెండడుగులు ముందుకొచ్చింది. "అదేం మాట మాస్టారూ? మీ దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని. మీరే కూర్చోండి."

హాలంతా చప్పట్లు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మాస్టారు నెమ్మదిగా వెళ్ళి కుర్చీ చేతి మీద చెయ్యి వేశాడు. నడుం వంచాడు.

కాకి మైకు లాక్కున్నాడు. ఏం మాట్లాడాలో వెతుక్కోనక్కర్లేదు, అల్లుడి మాటలు, కూతురి మాటలు రోజూ వింటున్నవే.

"అప్పుడే కూర్చుంటున్నారా మాస్టారూ? ఈవిడ వల్లే గదా మనం ఓడింది! ఏమ్మా డాక్టరమ్మా, ఈయన మొండితనం వల్లే గదా మీరు మునిగింది! అంతా మరిచిపోయారా?"

మాస్టారు నిటారుగా లేచాడు. "ఎవడ్రా నువ్వు?"

"అడిగినదాంట్లో తప్పేముంది?" అని వెనక వరుసలో ఒకడు లేచాడు. ఇక చూడు! కుర్చీలు జరిగాయి, చొక్కాలు పట్టుకున్నారు. కాకి నుదుటి చెమట తుడుచుకోకుండా రెండు పక్షాలనీ ఎగదోస్తూనే ఉన్నాడు. జీవితంలో అంత పాపిష్టి పని చెయ్యలేదనిపించింది.

చెవిలో ఆయాసం వినిపించింది. "దొరికాడు. బటన్ మీదున్న వేలు లాగేశాం బాబాయ్. క్లియర్."

కాకి అక్కడే స్టేజీ మెట్ల మీద కూలబడ్డాడు. అందర్నీ బయటికి పంపారు. బాంబ్ స్క్వాడ్ వచ్చి దిండు కోసింది. లోపలి సరుకు తీసుకెళ్ళాక, జనం మళ్ళీ లోపలికొచ్చి కుర్చీ చుట్టూ మూగారు.

"మిమ్మల్ని కాపాడ్డానికొచ్చి కొట్లాట పెట్టాను. క్షమించండి," అన్నాడు కాకి.

మాస్టారు చిరిగిన దిండుని చేత్తో తడిమాడు. "మనం కలుస్తామని పరాయివాడు నమ్మాడమ్మా. నమ్మనిది మనమే."

"మన గొడవే కాపాడింది మాస్టారూ."

"ఈసారికి."

డాక్టరమ్మ దండ తీసి పక్కన పెట్టి స్టేజీ మీద, నేల మీదే కూర్చుంది. మాస్టారు ఆమె భుజం పట్టుకుని, మూలుగుతూ పక్కన కూర్చున్నాడు. పొత్తు మాటలు అక్కడ మొదలయ్యాయి. రేవు మనకే మిగిలింది.

ఆ సాయంత్రం కాకి ఇంటికెళ్ళి, బల్ల గోడకి జరిపి చాప పరిచాడు. కూతుర్ని ఒక చెయ్యి, అల్లుణ్ణి ఒక చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"ఇంట్లో ఇన్ని కుర్చీలుండగా ఇదేం చోద్యం?" అంది భార్య.

"కుర్చీల మాట ఎత్తకే. ఇవాళ్టికి చాలు. వడ్డించు."

గుర్తుపెట్టుకో తల్లీ. ఎక్కడైనా ఇద్దరు ఒక కుర్చీ దగ్గర నిలబడి కొట్లాడుకుంటుంటే, వాళ్ళని ముందు నేల మీద కూర్చోబెట్టు. ఆ తర్వాత ఈ కథ చెప్పు.