గోడ మీద లేని ఫొటో

జైనబీ చెప్పులు కూడా లేకుండా వచ్చింది. ఒమన్‌లోని బర్కా ఊళ్లో సమీయుల్లా ఆఫీసు ముందు టాక్సీ దిగి, తలుపైనా వేయకుండా లోపలికి పరిగెత్తింది.

"సార్, నా పాస్‌పోర్టు పోయింది. ఆడ మాయమ్మ చచ్చిపోతాంది. నేను పోవల్ల సార్!"

హైదరాబాదులో పేరుమోసిన ప్రైవేట్ డిటెక్టివ్ సమీయుల్లా ఇప్పుడు ఇక్కడి కంపెనీలకు దొంగ మెడికల్ లీవుల గుట్టు తేల్చిపెడుతున్నాడు. అంతటి బుర్ర చేత జ్వరాలు లెక్కపెట్టిస్తున్నారని అతని అసిస్టెంటు పెద్దులుకు ఒకటే బాధ. అందుకే అసలైన కేసు రాగానే వాడి కళ్లు మెరిశాయి. మరుక్షణం ఆమె మొహం చూసి సిగ్గుపడ్డాడు.

"కూర్చోమ్మా. మొదటినుంచి చెప్పు," అన్నాడు సమీయుల్లా.

కడప నుంచి వచ్చిన జైనబీ సువైక్‌లో ఓ ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి బాధలు పడలేక పారిపోయి, బర్కాలోని తెలుగువాళ్ల సహాయ సంఘం పంచన చేరింది. సంఘం వాళ్లే యజమానిని ఒప్పించి పాస్‌పోర్టు తెచ్చారు, టికెట్టు కొన్నారు, పాస్‌పోర్టు తమ ఆఫీసు బీరువాలో పెట్టారు. నిన్న సాయంత్రం ఫ్లైటు. బయల్దేరేముందు బీరువా తెరిస్తే పాస్‌పోర్టు లేదు. ఈ సాయంత్రం ఫ్లైటులో మళ్లీ సీటు దొరికింది కానీ, చేతిలో పాస్‌పోర్టు లేకుండా ఎక్కేదెలా?

"డాక్టర్లు ఇంటికి తీస్కపొమ్మన్యారంట సార్. మాయమ్మ కండ్లు తెరిస్తే నన్నే అడుగుతాందంట."

సమీయుల్లా లేచాడు. "పెద్దులూ, బండి తియ్."

సంఘం ఆఫీసంటే ఖర్జూరాల దుకాణం పైన ఒక గది. గోడ నిండా ఫొటోలే. స్వదేశానికి పంపించిన ప్రతి మనిషీ శాలువా కప్పుకొని, పాస్‌పోర్టు పట్టుకొని నిలబడితే, పక్కన అధ్యక్షుడు రామసుబ్బయ్య నవ్వుతున్నాడు. పోయేవాళ్లు ఏడుస్తున్న ఫొటోల్లో కూడా ఆయన నవ్వు చెక్కుచెదరలేదు. నిజానికి మంచివాడే, ఎవరు సాయమని వచ్చినా కాదనడు.

"బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"ఆ మేకుకే ఉంటాదప్పా. మా ముగ్గురికీ తెలుసు," అన్నాడు రామసుబ్బయ్య.

మిగతా ఇద్దరూ అక్కడే ఉన్నారు. కార్యదర్శి రమణి గోదావరి జిల్లా నర్సు. "దారిలో తింటుందని చపాతీలు చేసి తెచ్చానండి. అప్పుడే తెలిసింది, లేదని," అంది.

సంఘం బండి నడిపే దస్తగిర్ తలుపు వైపు జరిగాడు. "నేను కింద బండి స్టార్ట్ చేసుకోని ఉంటి సార్." జైనబీ పారిపోయిన ఇంట్లో అతని తమ్ముడే డ్రైవరు.

"గీయనే సార్," అని పెద్దులు చెవిలో ఊదాడు. "ఆ యజమాని బెదిరించి ఉంటడు."

సమీయుల్లా గది చుట్టూ చూశాడు. బల్ల మీద పళ్లెంలో కొత్త శాలువా మడతపెట్టి ఉంది. అది ఎవరికని అడిగాడు.

"శుక్రవారం హైదరాబాద్ నుంచి ఓ పెద్దాయన వస్తున్నారండి. మా సంఘం సభకి ముఖ్య అతిథి," అంది రమణి.

"ఇంటికి పోయేవాళ్ల ఫొటోలు ఎప్పుడు తీస్తారు?"

"ముందురోజే సార్, ఈ గోడ కాడ్నే. రామసుబ్బయ్యన్న ఒక్కర్ని గూడా ఇడిసిపెట్టడు," అన్నాడు దస్తగిర్.

"నీకు తీశారా?" అని జైనబీని అడిగాడు.

"లేదు సార్. తర్వాత సూద్దాంలే అన్యాడు అన్న."

సమీయుల్లా అందరినీ కూర్చోమన్నాడు.

"ఈమె పాస్‌పోర్టు వేరే ఎవరికీ పనికిరాదు. తీసిన మనిషికి కావలసింది పాస్‌పోర్టు కాదు, ఈమె నిన్న వెళ్లకపోవడం. యజమానికి ఆపాలనుంటే పాస్‌పోర్టు అసలు ఇచ్చేవాడే కాదు. రమణిగారు చపాతీలు చేశారు, దస్తగిర్ బండి తీశాడు. అవి నటన కావచ్చు. కానీ ఒక్కరిని కూడా వదలని మనిషి జైనబీ ఫొటో తీయలేదు. ఎందుకు? ఆమె నిన్న వెళ్లదని ముందే తెలుసు గనక. శుక్రవారం వేదిక మీద, ముఖ్య అతిథి చేతుల మీదుగా పాస్‌పోర్టు ఇప్పించాలి. ఫొటో అప్పుడు తీసుకోవచ్చు. అంతే కదా, రామసుబ్బయ్యగారూ?"

ఆయన చూపు బల్ల మీది పళ్లెం వైపు పోయింది. సమీయుల్లా అందులోని శాలువా విప్పాడు. మడతలోంచి పాస్‌పోర్టు జారి కిందపడింది.

"రొండు రోజులే గదా అనుకుంటి," అన్నాడు రామసుబ్బయ్య చివరికి. "సభ కాంగానే పంపిద్దామనుకుంటి. ముసలామె అంతదాకా ఉంటాదిలే అని..."

"ఫ్లైటుకు ఇంకా టైముంది సార్!" అని పెద్దులు బండి తాళాలు అందుకున్నాడు.

అప్పుడే జైనబీ చేతిలో ఫోను మోగింది. అవతలి ఏడుపు గదిలో అందరికీ వినిపించింది. ఈ మధ్యాహ్నం పోయిందట. పొద్దున్నంతా తల్లి తలుపు వైపే చూస్తూ ఉందట. నిన్నటి ఫ్లైటు ఎక్కి ఉంటే ఆ పొద్దుటికి జైనబీ ఆ తలుపు దగ్గరే ఉండేది. సాయంత్రమే మట్టి చేస్తారు, ఆగరు.

దొంగ దొరికాడు. అయినా సమీయుల్లా తలెత్తలేకపోయాడు. తన గురువు గెలిచాడన్న ఊహే పెద్దులుకు రాలేదు.

జైనబీ వంగి పాస్‌పోర్టు తీసుకుంది. శాలువా తనే కప్పుకుంది. వెళ్లి ఫొటోల గోడ దగ్గర నిలబడింది.

"రాండన్నా," అంది రామసుబ్బయ్యతో. "ఇప్పుడే తీస్కోండి. శుక్రవారం దాకా ఎందుకు?"