కపిల బావికి ఏతం

ఆ ఉదయం కూడా పెంచలనరసయ్య ఎద్దుతో మాట్లాడుతున్నాడు. కొట్టం ముందు నిలబడి, దాని గంగడోలు నిమురుతూ, రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతున్నాడు. వాకిట్లో కళ్ళాపి చల్లుతున్న రామసుబ్బమ్మ, కాపురానికి వచ్చినప్పటి నుంచీ తనను ఆ మాట ఒక్కసారీ అడగలేదని, వచ్చే జన్మలో కొమ్ములతో పుడతానని కోడలికి చెప్పింది. మొగుడికి వినపడాలనే చెప్పింది. కోడలు తిరుపాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నవ్వేంత నిశ్చింత ఇంట్లో ఏమీ లేదు. ధాత నామ సంవత్సరపు కరువు దాటిన మరుసటి ఏడు అది. ఉదయగిరి కొండ చుట్టుపక్కల పల్లెలన్నీ ఒక్క పంట కోసం కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తున్నాయి. వీళ్ళ బావి కింద రాగి పైరు పొట్టకు వచ్చి ఉంది. అది గింజ కడితే ఇల్లు నిలబడుతుంది. ఎండిపోతే ఆకులూ అలములూ ఉడకేసుకోవాల్సిందే.

బావిలో నీళ్ళున్నాయి, తోడే దారే లేదు. కపిల తోలాలంటే జత ఎద్దులు కావాలి. రెండూ మోకు లాగుతూ బాట దిగితేనే తోలు బాన పైకి వస్తుంది. జతలో ఒకటి కరువులో పోయింది. మిగిలినదాన్ని పెంచలనరసయ్య ఇంటి కప్పు బోద పీకి మేపి బతికించుకున్నాడు. పక్క చేని గోవిందయ్య తన ఎద్దును ఇన్నాళ్ళూ అరువిచ్చాడు. తన పైరూ వాడు ముఖం పట్టేసరికి, ఇక ఇవ్వలేనని నిన్ననే కబురు చేశాడు. అతన్ని అనడానికేముంది.

తండ్రీ కొడుకులు ఆత్మకూరు సంతకు పోయి చూసి వచ్చారు. నిలబడగలిగిన ఎద్దును ఎవరూ అమ్మడం లేదు. అమ్మకానికి తెచ్చినవి నిలబడటం లేదు. పెంచలనరసయ్య ఒక్కొక్కదాని డొక్కలు తడిమి చూసి, నిట్టూర్చి, వట్టి చేతులతో ఇల్లు చేరాడు.

అందుకని ఆ పొద్దున కొడుకు కొండలయ్య, ఎన్నాళ్ళుగానో గొంతులో ఆపుకున్న మాట బయటపెట్టాడు. ఎద్దు ఉన్నా లేకపోయినా నీళ్ళు ఆగకుండా చేతికింద ఇంకొకటి ఉండాలని, బావికి ఏతం వేద్దామని. ఏతానికి ఎద్దుతో పనిలేదు. పంగల గుంజ మీద అడ్డంగా ఒక పొడుగాటి మాను ఉంటుంది, దాని కొసన బాన వేలాడుతుంది. మనిషి మాను మీద బావి వైపు నడిస్తే బాన మునుగుతుంది. వెనక్కు నడిస్తే అతని బరువుకు మాను తోక దిగి, బాన పైకి లేస్తుంది. మనిషి బరువే దానికి బలం.

పెంచలనరసయ్యకు ఒళ్ళు మండిపోయింది. మూడు తరాలుగా కపిల తోలిన ఇల్లు తమదన్నాడు. ఏతం తొక్కడం అంటే ఎద్దు లేదని ఊరంతా దండోరా వేసుకోవడమేనన్నాడు. రేపు ఏతం వస్తే ఎల్లుండి ఎద్దును సంతకు తోలతారని కూడా అన్నాడు. మనసులో ముల్లు అసలు అదే.

"ఎద్దును అమ్మేదని ఎవురన్నారు నాయనా? అది నీ తోటే ఉంటాది. పైరు సంగతి చెప్పు" అన్నాడు కొండలయ్య.

"నాకు చెప్పబాక. ఊళ్ళో సగం పొయ్యిలు ఆరిపోయిన కరువులో మన ఇంట్లో సంగటికి లోటు రాలేదు. ఎవరి తెలివి అది? ఈ ఇల్లు నడపడం నాకు తెలుసు."

కొండలయ్య ఏదో అనబోయాడు. తిరుపాలమ్మ కళ్ళతోనే వద్దన్నది. అతను తల వంచుకుని కొట్టం వెనక్కు పోయాడు. మామ గెలిచాననుకున్నాడు, పాపం.

రామసుబ్బమ్మ అంత తేలికగా వదిలే మనిషి కాదు. చీర గోచీ పోసుకుని, కుండ చంకన పెట్టుకుని బావికి నడిచింది. వెనకే కోడలు. ఇద్దరూ చేదతో తోడి, కడవలతో మోసి, మడికి గుక్కెడు గుక్కెడు పోయడం మొదలుపెట్టారు. పెంచలనరసయ్య కాసేపు చూడనట్టు కూర్చున్నాడు. భార్య గట్టు మీద కాలు జారి, లేచి, మళ్ళీ కుండ ఎత్తుకోవడం చూశాక ఇక కూర్చోలేకపోయాడు. పోయి కుండ లాక్కున్నాడు. వడ్రంగి వెంగయ్యకు తనే కబురు పెడతానని, ఇంట్లో ఆడవాళ్ళకు రోషం మరీ ఎక్కువైందని గొణిగాడు.

ఒప్పుకున్నాడా, ఇక పట్టపగ్గాల్లేవు. ఏతం మాట ఎత్తితే కసిరిన మనిషే ఇప్పుడు ఊళ్ళో ఎవరు ఎదురైనా ఏతం గొప్పలే చెబుతున్నాడు. వెంగయ్యను వెంటేసుకుని తాటిమాను కోసం ఎక్కడెక్కడో తిరిగాడు. ఒకటి వంకరన్నాడు, ఒకటి లేతన్నాడు, ఒకటి చూడగానే మనసుకు ఎక్కలేదన్నాడు. కూతురికి సంబంధం చూసేవాళ్ళయినా ఇంత ఎంచరని రామసుబ్బమ్మ ఎత్తిపొడిచింది. చివరికి వరికుంటపాడు దారిలో ఒక ముదురు తాడి నచ్చింది. పంగల గుంజకు తుమ్మ దొరికింది.

మిగిలింది బాన. ఏతం ఎవరు తొక్కుతారని వెంగయ్య అడిగాడు. తొక్కే మనిషి బరువును బట్టే బాన ఉండాలి. పెంచలనరసయ్య నవ్వాడు. మా కొండలయ్య కాక ఇంకెవరు, గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు, వాడి ఒడ్డూ పొడుగూ నీకు తెలియదా అన్నాడు. ఏతమైనా కపిలకు తీసిపోకూడదని, అన్నిటికన్నా పెద్ద బాన పెట్టమన్నాడు. కొండలయ్య కొంచెం చిన్నదైతే మేలేమోనని నసిగాడు. తండ్రి వినిపించుకోలేదు.

ఏతం నిలబెట్టిన పొద్దున ఊళ్ళో సగంమంది బావి దగ్గరే ఉన్నారు. గుంజకు పసుపు రాసి, నిమ్మకాయ కోసి, రామసుబ్బమ్మ దణ్ణం పెట్టుకుంది. కొండలయ్య ఈమధ్య ఒంటి మీద నుంచి తియ్యని పైగుడ్డను భుజాల చుట్టూ బిగించుకుని మాను ఎక్కాడు. బావి అంచున వెంగయ్య వెదురు గడ పట్టుకుని బానను నీళ్ళలో ముంచాడు. బాన నిండింది. కొండలయ్య మెల్లగా వెనక్కు నడిచాడు. నడిమి దాటాడు, తోక చివరికంటా పోయాడు. మాను దిగలేదు.

అతను అక్కడే నిలబడి మడమలతో తొక్కాడు. మాను కొంచెం ఊగి మళ్ళీ పైకే లేచింది. పెంచలనరసయ్య మొదట వడ్రంగిని తిట్టాడు. తర్వాత తాటిమానును తిట్టాడు. బాన పెద్దదైందని వెంగయ్య అంటే ఇంకా మండిపడ్డాడు. తొక్కడం చేతకాకపోతే దిగమని కొడుకును గదమాయించి, పంచె ఎగగట్టి తానే ఎక్కాడు.

తోక దగ్గరకు వచ్చాడో లేదో, మాను సర్రున నేలకు దిగింది. బాన పొర్లుతూ పైకి లేచి, కాలవ బోదెలో దబ్బున నీళ్ళు పడ్డాయి. జనం హోరున నవ్వారు. పెంచలనరసయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు.

"చూసినారా? ముసలోడు తొక్కితే దిగింది."

అన్నాడు గానీ, మాట నోట్లో ఉండగానే నవ్వు ఆగిపోయింది. కొడుకు వైపు చూశాడు. మాను ఎగిరిపడకుండా వెంగయ్య గబగబా బాన తప్పించాడు. పెంచలనరసయ్య మాను దిగి వచ్చి, కొండలయ్య భుజాల మీది గుడ్డ పట్టుకున్నాడు. కొండలయ్య వదల్లేదు. తండ్రి లాగేశాడు.

ఆత్మకూరు సంతలో ఎద్దుల డొక్కలు తడిమి చూసిన మనిషికి, ఒకే కప్పు కింద ఉన్న కొడుకు డొక్కలు ఇన్నాళ్ళూ కనబడలేదు. ఆ పక్కటెముకల మీద చెయ్యి వేసి, అతను భార్యకేసి తిరిగాడు.

"ఏందే ఇది?"

ఆ ఇంట్లో పెద్దాయన ముందు తింటాడు, ఒక్కడే తింటాడు. చెయ్యి కడుక్కుని అరుగు మీదికి పోయాకే మిగతావాళ్ళ కంచాలు లేస్తాయి. ఆయన కడుపు చల్లగా ఉండాలని పెట్టుకున్న పద్ధతి. అందువల్లే తన తర్వాత ఎవరి కంచంలో ఏం పడిందో, అసలు పడిందో లేదో ఆయనకు ఎన్నడూ తెలియలేదు. కరువు మొదలైన నాడే నాయన ముద్ద తగ్గకూడదని కొండలయ్య ఒట్టు పెట్టించాడని, వాళ్ళంతా గంజితో సరిపెట్టుకున్నారని, ఈ పంట ఇంటికొచ్చేదాకా ఇప్పటికీ అంతేనని రామసుబ్బమ్మ మెల్లగా చెప్పింది. చెబుతూ ఏడ్చేసింది.

పెంచలనరసయ్య బావి గట్టు మీద కూలబడిపోయాడు. కరువులో కూడా ఇల్లు నడిపానని ఊరంతా చెప్పుకున్నాడు. నడిపింది ఎవరో ఇప్పుడు తెలిసింది. ఊరంతా చూస్తుండగా ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు.

"నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదురా?"

కొండలయ్య పక్కన కూర్చున్నాడు. "నువ్వు కంచం ముందు కూర్చోని నిబ్బరంగా తింటా ఉంటే, మన ఇంటికి కరువు రానట్టే ఉండేది నాయనా. అది చూసే మేమందరం బతికినాం."

 పెంచలనరసయ్య లేచి, ముక్కు చీది, కొడుకు చెయ్యి పట్టుకుని మాను దగ్గరకు నడిపించాడు. వెంగయ్య చిన్న బాన తెస్తానన్నాడు. అక్కర్లేదన్నాడు. కొడుకు ముందు, తాను వెనక, ఇద్దరూ మాను మీద అటూ ఇటూ నడిచారు. కొడుకు అడుగు తడబడినప్పుడల్లా తండ్రి చెయ్యి నడుము దగ్గర ఆసరాగా ఉంది. పొద్దు నెత్తికెక్కేసరికి చివరి మడి తడిసింది.

మధ్యాహ్నం రామసుబ్బమ్మ ఎప్పటిలాగే ఒక్క కంచమే పెట్టింది. పెంచలనరసయ్య నాలుగూ పెట్టమన్నాడు. మామ ముందు కూర్చోవడానికి తిరుపాలమ్మ సిగ్గుపడి గోడవారకు ఒదిగింది. కుండలో ఉన్న సంగటిని అతనే నాలుగు ముద్దలు చేశాడు. పెద్ద ముద్ద కొడుకు కంచంలో వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"తిను నాయనా, ఆరిపోతాది" అన్నాడు కొండలయ్య.

"ముందు నువ్వు తిను. నేను చూడాల."

కొండలయ్య కళ్ళు దించుకుని ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతు దిగేదాకా తండ్రి అతని ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు.