జేబుల్లో దాచిన చేతులు

"చేతులు జేబుల్లకెల్లి తియ్యి బావా," అంది సహస్ర.

వేణుమాధవ్ తీయలేదు. రామగుండం స్టేషన్‌లో వాన దంచుతోంది. రేకుల కింద మేనమామ కూతురి పక్కన నిలబడి, పట్టాలకేసి చూస్తున్నాడు. ఇంకో పది నిమిషాల్లో ఆమె హైదరాబాద్ బండి. అక్కడి ల్యాబ్‌లో రోగనిరోధక కణాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. మూడు నెలలుగా అతను ఆమె ఫోన్ ఎత్తలేదు. పెళ్లి మాట అడిగిన మామకి జవాబూ చెప్పలేదు. స్టేషన్‌కి మాత్రం గంట ముందే వచ్చి కూర్చున్నాడు మహానుభావుడు!

సహస్రే చెయ్యి లాగి చూసింది. వేళ్ల కణుపులు ఎర్రగా ఉబ్బిపోయాయి.

"కీళ్లవాతం గోలీలు వేసుకుంటలేవా?"

"బంద్ జేసిన. డ్యూటీ మెడికల్ పరీక్ష ఉండె. రక్తంల మందు దొరికితే బొగ్గుబాయిల దిగనియ్యరేమోనని..."

ఆమెకి ఒళ్లు మండింది. నాలుగేళ్లుగా చదువుతున్నది ఆ మందు సంగతే మరి.

"ఆ గోలి ఏం జేస్తదో ఎరుకేనా? కణం లోపల కైనేజులని ఎంజైములుంటయ్. బయట సిగ్నల్ తగిలితే ఒకదానికొకటి అందించుకుంట కణాన్ని కొట్లాటకు లేపుతయ్. రోగమొస్తే మంచిదే. నీకేమో ఉత్తగనే లేపుతున్నయ్, కణాలు నీ కీళ్ల మీదనే పడ్తున్నయ్. గోలి ఆ సిగ్నల్‌ను నడుమల ఆపుతది. డాక్టర్‌ను అడగకుండ బంద్ జేస్తరా ఎవరన్న?"

"నిన్ను అడగాలనుకున్న."

"ఫోన్ ఎత్తకుండనా?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"పొద్దుగాల అంగీ గుండీలు అవ్వ పెడ్తది సహస్రా. గిసొంటోన్ని ఎట్ల చేసుకుంటవ్? నీ గొంతు వింటే వద్దని చెప్పలేను. ఫోన్ మోగినంతసేపు నీ పేరు చూసుకుంట కూసుంటుంటి."

ఆమె కళ్లు నిండాయి. "నేను నచ్చలేదేమో అనుకున్న బావా. మూడు నెలలు."

అంతలో బండి వచ్చేసింది. ఎక్కి తలుపు దగ్గర నిలబడింది.

"సోమారం డాక్టర్ దగ్గరికి పో. నీ అంతల నువ్వు మళ్ల మొదలువెట్టకు."

"మామకు ఏమని చెప్పాలె?"

"నన్నడుగుడేంది? నీ నోటితోని నువ్వే చెప్పు!"

బండి కదిలింది. మొరాయించే వేళ్లతో వేణుమాధవ్ మామ నంబరు నొక్కాడు.

"మామా, నాకు కీళ్లవాతం ఉన్నది. అయినా పిల్లనిస్తవా?"

"మీ అవ్వ ఎప్పుడో చెప్పింది బిడ్డా. నువ్వెప్పుడు చెప్తవోనని చూస్తున్నం."

తల ఎత్తేసరికి బండి ప్లాట్‌ఫాం దాటిపోయింది. వానలోకి పరిగెత్తి, సహస్రకి ఫోన్ చేశాడు.

మొదటి రింగుకే ఎత్తింది.